ఊరి ఆరోగ్యం: చదువు, పరిశోధన, ప్రచారం గురించి పాఠకుల ప్రశ్నలు

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల నుంచి ప్రజారోగ్యం గురించి వచ్చిన ఉత్తరాలలో ఐదింటిని ఈ సంచికకు తీసుకున్నాం. రాసినవారి పేర్లు ఇవ్వడం లేదు. ఉత్తరాలను కొంత కుదించాం.

ప్రశ్న: నేను మిర్యాలగూడలో జువాలజీ, కెమిస్ట్రీ సబ్జెక్టులతో బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతున్నాను. నీట్ రాసినా సీటు రాలేదు. ఆరోగ్య రంగంలో పనిచేయాలన్న కోరిక మాత్రం పోలేదు. డాక్టరు కాకుండా ప్రజారోగ్యంలోకి రావచ్చా? అది ఉద్యోగమే కాదని ఇంట్లో అంటున్నారు. (ఒక విద్యార్థిని)

తప్పకుండా రావచ్చు. మీ ఇంటివాళ్ల సందేహం ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించగలను. దవాఖానలో కూర్చునే డాక్టరు అందరికీ కనిపిస్తాడు గానీ, ఊరి నీళ్లను పరీక్షించే మనిషి, దోమ ఎక్కడ గుడ్లు పెడుతున్నదో వెతికే మనిషి, ఏ వాడలో ఎంతమంది పిల్లలకు టీకా పడలేదో లెక్క తీసే మనిషి ఎవరికీ కనిపించరు. డాక్టరు తన ముందుకు వచ్చిన రోగికి వైద్యం చేస్తాడు. ఒకే వాడ నుంచి పదిమంది ఒకే జబ్బుతో ఎందుకు వస్తున్నారని అడిగి, పదకొండో మనిషికి ఆ జబ్బు రాకుండా చూడడం ప్రజారోగ్య ఉద్యోగి పని.

దీనికి మీ నల్లగొండ జిల్లా ఫ్లోరైడ్ చరిత్రను మించిన పాఠం లేదు. తాగునీటిలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు పాడవుతున్నాయని మన దేశంలో 1937లోనే, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెలను పరిశీలించిన వైద్యులు ప్రకటించారు. ఫ్లోరైడ్ పీడిత పల్లెల్లో యువకుల మోకాళ్లు లోపలికి వంగిపోతున్న తీరును హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వివరించారు. అదే దశాబ్దంలో నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే విధానాన్ని రూపొందించింది. ఇతర దేశాల పుస్తకాలలో కూడా దానిని నల్లగొండ పద్ధతి అనే పిలుస్తారు. 1996 లోక్‌సభ ఎన్నికలలో నీటి గోడు దేశానికి వినిపించడానికి నల్లగొండ స్థానంలో 480 మంది పోటీకి దిగారు, బ్యాలెట్ పత్రాన్ని పుస్తకంలా కుట్టవలసి వచ్చింది. ఇంటింటికీ శుద్ధి చేసిన నీళ్లు తెచ్చే మిషన్ భగీరథ ప్రారంభమైనది 2016లో.

కారణం తెలిసిన ఏడాదికీ ఆ నల్లా పథకానికీ మధ్య 79 ఏళ్లు గడిచాయి. ఆ మధ్యలో జరగవలసిన పని అంతా ప్రజారోగ్యమే, అందులో డాక్టర్ల వాటా కొంత మాత్రమే. రసాయన శాస్త్రం చదివినవాళ్లు నీళ్లను కొలిచారు, పోషకాహార శాస్త్రజ్ఞులు తిండిని పరిశీలించారు, ఇంజనీర్లు పైపులు వేశారు, గణాంకాలు తెలిసినవాళ్లు ఏ ఊరు ముందో ఏ ఊరు తర్వాతో చూపించారు, ఊరి జనం రోడ్డెక్కారు. వీళ్లలో ఎవరు తక్కువైనా పని ఆగేది.

ఇక మీ చదువు సంగతి. జువాలజీ మీద ఇష్టం ఉంటే పుదుచ్చేరిలో జబ్బులు మోసే కీటకాల అదుపు మీద పనిచేసే వెక్టర్ కంట్రోల్ పరిశోధన కేంద్రంలో ప్రజారోగ్య కీటకశాస్త్రంలో ఎమ్మెస్సీ ఉంది. మలేరియా, డెంగీ, బోదకాలు ఉన్నంతకాలం దోమలను చదివినవారి అవసరం తీరదు. కెమిస్ట్రీ వైపు మొగ్గితే నీటి నాణ్యత ప్రయోగశాలలు ఉన్నాయి. తిండి మీద ఆసక్తి ఉంటే జాతీయ పోషకాహార సంస్థలోనే అప్లైడ్ న్యూట్రిషన్ ఎమ్మెస్సీ చదవవచ్చు. వీటన్నిటికంటే విశాలమైనది రెండేళ్ల మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్. హైదరాబాదులో కేంద్రీయ విశ్వవిద్యాలయం, భారతీయ ప్రజారోగ్య సంస్థ దానిని నడుపుతున్నాయి. చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ (జబ్బులు ఎవరికి, ఎక్కడ, ఎందుకు వస్తున్నాయో చూసే శాస్త్రం) సంస్థ, తిరువనంతపురంలోని అచ్యుత మీనన్ కేంద్రం ఈ రంగంలో గట్టి పేరున్నవి. ఏ డిగ్రీవారిని తీసుకుంటారో సంస్థను బట్టి మారుతుంది, కొన్నిచోట్ల పని అనుభవం కూడా అడుగుతారు. అందువల్ల ఆ ఏటి ప్రకటన చదివిన తర్వాతే ఫీజు కట్టండి.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. జాతీయ ఆరోగ్య మిషన్ కింద జిల్లాలలో ఉండే ఎపిడెమియాలజిస్టు, డేటా మేనేజరు, ప్రోగ్రాం కోఆర్డినేటరు వంటి కొలువులు చాలావరకు కాంట్రాక్టువి. తమిళనాడులో 1939 నాటి ప్రజారోగ్య చట్టం ఉంది, ఈ పనికి వేరే ఉద్యోగ శ్రేణి (కేడర్) కూడా ఉంది. తక్కిన రాష్ట్రాలు కూడా అలాంటి శ్రేణి ఏర్పరచుకోవాలని కేంద్రం 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. పర్మనెంట్ కొలువు ఒక్కటే లక్ష్యమైతే ఈ దారి కొంతకాలం మిమ్మల్ని కష్టపెడుతుంది. ఊరి జబ్బుకు కారణం వెతకడంలో మీకు నిజంగా ఆసక్తి ఉంటే మాత్రం, పల్లె భాష తెలిసిన ఒక నల్లగొండ అమ్మాయి ఈ పనిలోకి రావాలని నేను మనసారా కోరుకుంటున్నాను, ఎందుకంటే బయటి నుంచి వచ్చినవాళ్లు ఏళ్ల తరబడి నేర్చుకున్నా అందని విషయాలు మీకు ఇంట్లోనే తెలిసి ఉంటాయి.

ప్రశ్న: నేను మర్రిగూడ మండలంలో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుడిని. ఒక కళాశాల బృందం వచ్చి మా పిల్లల పళ్లు చూస్తామని, మూత్రం, రక్తం నమూనాలు తీసుకుంటామని చెప్పింది. ఇంగ్లీషులో ఉన్న ఒక కాగితం ఇచ్చి హెడ్మాస్టరు సంతకం సరిపోతుందన్నారు. మంచి పనికి అడ్డుపడుతున్నానేమో అనిపించినా, నమూనాలు తీయనివ్వకుండా కొంత గడువు అడిగాను. నేను చేసింది సరైనదేనా?

మీరు చేసింది పూర్తిగా సరైనది. మీ ప్రశ్న ఆ మండలానికే పరిమితం కాదు గనుక కొంచెం వివరంగా రాస్తాను.

మనుషుల మీద చేసే పరిశోధనకు వారి స్వచ్ఛందమైన అంగీకారం తప్పనిసరి అన్న సూత్రం నాజీ వైద్యుల విచారణ తర్వాత 1947లో న్యూరెంబర్గ్ నియమావళిగా వచ్చింది. ప్రపంచ వైద్య సంఘం 1964లో హెల్సింకీలో దానిని విస్తరించింది. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి 2017లో ప్రకటించిన జాతీయ నైతిక మార్గదర్శకాలు ఇప్పుడు అందరికీ ఆధారం. వాటి ప్రకారం పద్దెనిమిదేళ్లలోపు పిల్లల విషయంలో తల్లి, తండ్రి లేదా చట్టబద్ధ సంరక్షకుల అంగీకారం కావాలి. ఏడేళ్లు దాటిన పిల్లవాణ్ణి కూడా అతనికి అర్థమయ్యే మాటల్లో అడగాలి. పన్నెండేళ్లు దాటితే అతని సమ్మతిని కాగితం మీద తీసుకోవాలి. హెడ్మాస్టరు బడిలోకి రావడానికి అనుమతి ఇవ్వగలరు, అంతే. పిల్లవాడి రక్తం మీద ఆయనకు అధికారం లేదు. సర్పంచి మాట కూడా ఇంతే. ఊరి పెద్దను ముందుగా కలవడం మర్యాద, అవసరం కూడా, కానీ పెద్ద ఒప్పుకున్నంత మాత్రాన ఊళ్లోని ప్రతి మనిషీ ఒప్పుకున్నట్టు కాదు.

ఈ నియమాన్ని పట్టించుకోకపోవడం మన రాష్ట్రంలో ఎంత దూరం పోయిందో గుర్తుచేయాలి. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సరు నివారణ టీకాను పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి ఒక ప్రదర్శనా ప్రాజెక్టుగా వేశారు. వారిలో చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. తల్లిదండ్రులకు బదులుగా హాస్టల్ వార్డెన్లు సంతకం చేసిన ఫారాలు రెండు వేలకు పైగా ఉన్నట్టు తర్వాతి విచారణలో తేలింది. కొందరు బాలికలు మరణించడంతో 2010లో ప్రాజెక్టును ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో రుజువు కాలేదు, అయినా అంగీకారం తీసుకున్న పద్ధతిని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. ఆ టీకా మంచిదే, ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని సిఫారసు చేస్తుంది. అడగవలసినవాళ్లను అడగకపోవడం వల్ల ఒక మంచి టీకా మీద జనానికి ఏళ్ల తరబడి అనుమానం మిగిలింది. నైతిక నియమాలు పరిశోధనకు అడ్డమని వాదించేవారికి నేను ఈ ఉదాహరణే చూపిస్తాను.

ఆ బృందం మళ్లీ వస్తే మొదట ఎథిక్స్ కమిటీ, అంటే పరిశోధన నైతికంగా ఉందో లేదో చూసే సంఘం, ఇచ్చిన అనుమతి పత్రం అడగండి. ఈ కమిటీలో డాక్టర్లతోపాటు న్యాయం తెలిసినవారు, సామాజిక శాస్త్రజ్ఞులు, ఏ వైద్య నేపథ్యమూ లేని సాధారణ పౌరులు ఉంటారు. అధ్యక్షులు ఆ సంస్థకు బయటివారై ఉండాలి. అంగీకార పత్రం తెలుగులో ఉండాలి, అది కూడా మీ ఊరి తల్లికి చదివి వినిపిస్తే అర్థమయ్యే తెలుగులో ఉండాలి. చదువురాని తల్లి వేలిముద్ర వేస్తే, పరిశోధన బృందంతో సంబంధం లేని, చదువు వచ్చిన ఒక సాక్షి పక్కన ఉండి చదివింది చదివినట్టే చెప్పారని సంతకం చేయాలి. ఎంత రక్తం తీస్తారు, మిగిలినదాన్ని దాచిపెడతారా పారేస్తారా, ఏదైనా ఇబ్బంది వస్తే ఖర్చు ఎవరిది, ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి ఆ కాగితంలోనే ఉండాలి. వద్దన్న పిల్లవాడికి బడిలో గానీ దవాఖానలో గానీ ఏ తేడా చూపకూడదు, ఒప్పుకున్నవాళ్లు కూడా మధ్యలో మానుకోవచ్చు. ఉపాధ్యాయులుగా మీకు ఇందులో ఒక ప్రత్యేక బాధ్యత ఉంది, ఎందుకంటే సారు చెబితే పిల్లలు కాదనరు. నమూనా తీసే గదిలో మీరు అంగీకారం అడిగే మనిషిగా కాకుండా, కాదన్న పిల్లవాడి పక్కన నిలబడే మనిషిగా ఉండండి.

చివరిగా, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న: ఫలితాలు ఎప్పుడు, ఎలా తిరిగి వస్తాయి? మీ మండలానికి బృందాలు రావడం కొత్త కాదు. వంకర కాళ్ల ఫోటోలు తీసుకున్నవాళ్లు, సీసాల్లో నీళ్లు పట్టుకుపోయినవాళ్లు తరతరాలుగా వస్తూనే ఉన్నారు. తన మూత్రంలో ఫ్లోరైడ్ ఎంత ఉందో తెలుసుకునే హక్కు ఆ పిల్లవాడికి, తల్లికి ఉంది. ఎక్కువగా ఉన్నట్టు తేలితే ఏ డాక్టరు దగ్గరికి పంపుతారు, ఆ ఇంటి నీళ్ల సంగతి ఏ అధికారికి రాసి పంపుతారు అన్నది పని మొదలుపెట్టక ముందే నిర్ణయించుకోవాలి. నమూనా తీసుకున్నవాడు ఊరికి జవాబు బాకీ పడతాడు. ఆ బాకీ తీర్చే తేదీని కాగితం మీద రాయించుకోండి.

ప్రశ్న: భగీరథ నీళ్లు రాని రోజుల్లో బోరు నీళ్లు బాగా మరిగించి పిల్లలకు తాగిస్తున్నాను. ఫ్లోరైడ్ పోతుంది కదా? (ఒక తల్లి, మునుగోడు)

పోదమ్మా. మరిగిస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ మాత్రం నీళ్లలోనే ఉంటుంది. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని మోతాదు ఇంకా పెరుగుతుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే దారి లేనప్పుడు ఒకటిన్నర వరకు మాత్రమే అనుమతించవచ్చని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. రంగు, రుచి చూసి ఫ్లోరైడును పట్టుకోలేం గనుక మీ బోరు నీళ్లను గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. నల్లా వచ్చే రోజు తాగడానికి, వంటకు రెండు రోజుల నీళ్లు మూతపెట్టి దాచుకోండి. బోరు నీళ్లు స్నానానికి, బట్టలకు వాడుకోవచ్చు. శాశ్వత దంతాలు లోపల తయారయ్యేది దాదాపు ఎనిమిదేళ్ల లోపే కాబట్టి ఈ జాగ్రత్త చిన్నపిల్లల విషయంలో మరీ ముఖ్యం. పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరలు, జామ, ఉసిరి పెట్టండి. కాల్షియం, సి విటమిను ఫ్లోరైడ్ చేసే హానిని కొంత తగ్గిస్తాయి. వంగిన ఎముకను మాత్రం ఏ తిండీ సరిచేయలేదు.

ప్రశ్న: నేను ప్రజారోగ్యంలో పీజీ చేస్తున్నాను. ముంబైకి, పూణెకు వలసపోయి వచ్చే పాలమూరు కుటుంబాల ఆరోగ్యం మీద సర్వే చేయాలనుకుంటున్నాను. ప్రశ్నావళి మాత్రమే, సూది లేదు, మందు లేదు. దీనికి కూడా ఎథిక్స్ కమిటీ అవసరమా? (ఒక విద్యార్థి, నారాయణపేట)

అవసరమే. ముప్పు చాలా తక్కువ ఉన్న అధ్యయనాలకు పూర్తి సమీక్ష నుంచి మినహాయింపు దొరకవచ్చు. అయితే ఆ మినహాయింపును కమిటీ ఇవ్వాలి, పరిశోధకుడు తనకు తాను ఇచ్చుకోకూడదు.

సూది లేనంత మాత్రాన హాని లేదనుకోవద్దు. వలస కుటుంబాన్ని క్షయ గురించి, హెచ్ఐవీ గురించి, మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు గురించి అడుగుతారు. ఆ మాటలు తండాలో నలుగురికి తెలిస్తే ఒక ఆడపిల్ల సంబంధం చెడిపోవచ్చు, ఒక కూలీకి మరుసటి సీజన్ పని దొరక్కపోవచ్చు. మన పల్లెల్లో వాకిట్లో మంచం వేసి కూర్చోబెడతారు, ఇరుగుపొరుగు చుట్టూ చేరతారు. అది వాళ్ల ఆదరణ, కాదనలేం. అందుకని మొదటి రోజు అందరితో కూర్చుని మామూలు ప్రశ్నలు మాత్రమే అడిగి, లోపలి విషయాలకు ఆ మనిషి చెప్పిన వేళకు, చెప్పిన చోటికి వెళ్లండి. భర్త సమక్షంలో భార్య చెప్పిన జవాబును, అత్త సమక్షంలో కోడలు చెప్పిన జవాబును నమ్మి లెక్కలు కట్టవద్దు. పేరు తీసేస్తే గోప్యత వచ్చేసిందని కూడా అనుకోవద్దు, నూరు గడపల ఊళ్లో "పూణె నుంచి వచ్చిన వితంతువు, ఇద్దరు పిల్లలు" అని రాస్తే అందరికీ తెలిసిపోతుంది.

మీతో కూర్చున్నందుకు కూలీ పోగొట్టుకున్నవారికి ఆ కూలీ ఇవ్వడం న్యాయం. డబ్బు కోసమే ఒప్పుకునేంత పెద్ద మొత్తం ఇవ్వడం తప్పు. ఎంత ఇస్తారో కమిటీకి ముందే రాసి చూపించండి. అచ్చంపేట, అమ్రాబాద్ వైపు చెంచు పెంటలకు (చెంచుల గూడేలకు) కూడా వెళ్లే ఆలోచన ఉంటే, వారిని ప్రత్యేకంగా బలహీన స్థితిలో ఉన్న గిరిజన సమూహంగా ప్రభుత్వం గుర్తించింది గనుక అక్కడికే ఎందుకు వెళ్లాలన్న కారణాన్ని మీరు గట్టిగా చూపించవలసి ఉంటుంది. దగ్గరగా ఉన్నారన్నది కారణం కాదు. ముందుగా చెన్నై జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ ఆరోగ్య పరిశోధన మౌలికాంశాల మీద రూపొందించిన ఆన్‌లైన్ పాఠాలు చదవండి, మీ గైడు సమయం కూడా మిగులుతుంది.

ప్రశ్న: నేను కల్వకుర్తి దగ్గర ఆశా కార్యకర్తను. బీపీ గోళీలు రోజూ వేసుకోమని, కల్లు మానమని, చేతులు కడుక్కోమని ఎన్నిసార్లు చెప్పినా వినరు. పోస్టర్లు కూడా అంటించాం. ఇంకెట్ల చెప్పాలి?

అమ్మా, చెప్పడంలో మీ లోపం ఉందని నేను అనుకోవడం లేదు. చెప్పడంతోనే అన్నీ మారతాయని మీ మీద బరువు పెట్టినవారి ఆలోచనలో లోపం ఉంది. ఆరోగ్య ప్రచారం అంటే మైకు, పోస్టరు అని మన దగ్గర స్థిరపడింది. 1986లో కెనడాలోని ఒట్టావాలో జరిగిన అంతర్జాతీయ సమావేశం ఒప్పుకున్న పత్రం ఐదు పనులు చెప్పింది. మనిషికి తెలియజెప్పడం వాటిలో ఒకటి. ఆరోగ్యానికి పనికివచ్చే ప్రభుత్వ నిర్ణయాలు, అనుకూలమైన పరిసరాలు, ఊరి జనం కలిసి కదలడం, వైద్య సేవల తీరు మారడం తక్కిన నాలుగు. నల్లా లేని ఇంట్లో చేతులు కడగమని ఎన్నిసార్లు చెప్పినా, బిందె మోసే మనిషి ఆ నీళ్లను తాగడానికే దాచుకుంటుంది. అలాంటి ఇళ్ల జాబితాను గ్రామసభలో పెట్టించండి. అది మీ పరిధి దాటిన పని కాదు, మీ పనిలో భాగమే.

బీపీ విషయంలో మొదట వాళ్లు ఎందుకు మానేస్తున్నారో ఇంటింటికీ అడిగి రాసుకోండి. "నాకు బాగానే ఉన్నది, గోళీ ఎందుకు" అన్నవారికి ఒక జవాబు కావాలి: బీపీ నొప్పి పుట్టించకుండానే గుండెను, మూత్రపిండాలను, మెదడును దెబ్బతీస్తుంది కాబట్టి బాగున్నప్పుడే గోళీ వేసుకోవాలి. గోళీలు అయిపోయాయి, సబ్‌సెంటర్‌కు పోతే కూలీ పోతుంది అన్నవారికి మాట పనికిరాదు, గోళీ ఇంటికి చేరాలి. వలసపోయే కుటుంబాలకు బయలుదేరే ముందే సరిపడా గోళీలు, చీటీ ఇప్పించమని పల్లె దవాఖానాలో అడగండి. ఉప్పు రోజుకు ఐదు గ్రాములు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, అంటే కూరలోనిది, పచ్చడిలోనిది అంతా కలిపి మనిషికి సుమారు ఒక టీ చెంచా. ఈ మాట వండే మనిషికి చెప్పాలి, రోగికి చెప్పి లాభం లేదు.

కల్లు సంగతి మాత్రం వేరు, ఇక్కడ జాగ్రత్త కావాలి. పాలమూరు పల్లెల్లో కల్తీ కల్లులో డయాజిపాం, ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలుపుతారన్నది అందరికీ తెలిసిన విషయమే. వాటికి ఏళ్లుగా అలవాటుపడిన శరీరానికి ఒక్కసారిగా కల్లు ఆగితే చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, పిచ్చి మాటలు, ఫిట్స్ రావచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. దుకాణాలు హఠాత్తుగా మూతపడిన రోజుల్లో దవాఖానలు ఇలాంటివారితోనే నిండిపోయాయి. కాబట్టి "రేపటి నుంచి మానెయ్" అని చెప్పకండి. మానాలనుకునే మనిషిని మెడికల్ ఆఫీసరు దగ్గరికి తీసుకుపోయి, ఎంతకాలంగా, రోజుకు ఎన్ని సీసాలు తాగుతున్నాడో చెప్పించండి. మందుల సాయంతో మెల్లగా తగ్గించాలో, జిల్లా ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో చేర్చాలో డాక్టరు నిర్ణయిస్తారు. మధ్యలో వణుకు గానీ ఫిట్స్ గానీ మొదలైతే ఇంట్లోనే ఉంచుకోకుండా 108కి ఫోన్ చేయమని ఆ ఇంటి ఆడవాళ్లకు ముందే చెప్పి ఉంచండి.